మొదటి ఫాండెంట్ బొమ్మ చేసే ముందు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఫాండెంట్‌తో, అంటే కేకు మీద పరిచే చక్కెర ముద్దతో, నువ్వు చేసిన బొమ్మకి తల నిలవడం లేదనీ, చేతులు జారి ఊడిపోతున్నాయనీ రాశావు. నువ్వు పంపిన ఫొటో చూశాను. బొమ్మ ముఖం ముద్దుగా కుదిరింది, నీ చేతిలో పనితనం ఉంది. ఇబ్బందల్లా నువ్వు వాడిన ముద్దతోనూ, దానికి నువ్వు ఇచ్చిన టైముతోనూ వచ్చింది. పొద్దున కేకు బేక్ చేసి, మధ్యాహ్నం బొమ్మ చేసి, సాయంత్రానికి పైన కూర్చోబెట్టాలంటే ఎంత చేయి తిరిగినవాళ్లకైనా కష్టమే. కేకు ఇవ్వాల్సిన రోజుకి కనీసం నాలుగు రోజుల ముందు బొమ్మ పని మొదలుపెట్టు. బొమ్మ పూర్తయి ఆరాకే కేకు సంగతి చూసుకో. ఈ వరస ఒక్కటి మార్చుకుంటే నీ టెన్షన్ సగం తగ్గుతుంది.

ముందు ముద్ద గురించి. కేకు మీద పరచడానికి వాడే ఫాండెంట్‌ని మెత్తగా, సాగేలా ఉండాలనే తయారుచేస్తారు. అందులో గ్లిజరిన్, గ్లూకోజ్ సిరప్ లాంటివి వేసేది అది త్వరగా ఎండిపోకూడదనే. కేకుకి మేలు చేసే ఆ గుణమే బొమ్మకి చేటు. దాన్ని అలాగే వాడితే కాళ్లు చదునుబడతాయి, తల బరువుకి ఒళ్లు కుంగుతుంది. అందుకని 250 గ్రాముల ఫాండెంట్‌కి ఒక టీస్పూను సీఎంసీ పౌడర్, అంటే ముద్దని గట్టిపరిచే తినదగిన జిగురు పొడి, కలుపు. టైలోజ్ పౌడర్ అని అమ్మేది కూడా ఇదే పని చేస్తుంది. బాగా మర్దించి, క్లింగ్ ఫిల్మ్‌లో చుట్టి, గాలి చొరని డబ్బాలో కనీసం అరగంట ఉంచు. రాత్రంతా ఉంచగలిగితే మరీ మంచిది. అప్పుడు వేలితో నొక్కితే ముందుకంటే గట్టిగా తగులుతుంది, లాగితే సాగడం తగ్గి తెగుతుంది. గట్టిగా ఉంటే మంచిదే కదా అని ఇంకో స్పూను వేయకు. ముద్ద పొడిబారి, నువ్వు ఆకారం తెచ్చేలోపే పగుళ్లు తేలతాయి. సీఎంసీ దొరక్కపోతే సగం ఫాండెంట్, సగం గమ్ పేస్ట్ (ఆరితే బాగా గట్టిపడే చక్కెర ముద్ద) కలుపుకున్నా బొమ్మలకి సరిపోతుంది.

రంగులకి జెల్ కలర్సే వాడు. నీళ్లలా ఉండే రంగు వేస్తే చక్కెర కరిగి ముద్ద జావ అవుతుంది. ఎరుపు, నలుపు బాగా ముదురుగా రావాలంటే చాలా రంగు పడుతుంది, దాంతో ముద్ద మెత్తబడుతుంది. ఆ రెండు మాత్రం రంగు వేసి అమ్మేవే కొనుక్కో, లేదా ఒకరోజు ముందే కలిపి పక్కన పెట్టు. రంగు మర్నాటికి ఇంకాస్త ముదురుతుంది కూడా. పని ఎప్పుడూ తెలుపుతో మొదలుపెట్టి ముదురు రంగుల వైపు వెళ్లు. ముదురు రంగు ఉన్ని బట్టలు వేసుకుని కూర్చోకు, ఆ నూగు వచ్చి తెల్ల ముద్దకి అంటుకుంటే ఇక పోదు.

పనిముట్ల కోసం పెద్ద సెట్ కొననక్కర్లేదు. బాల్ టూల్ (కొసల్లో గుండ్రటి ఉండ ఉండే పుల్ల) ఒకటి, చిన్న కత్తి, సన్నని బ్రష్, టూత్‌పిక్, ఒక స్ట్రా చాలు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది గ్రాములు చూపించే కిచెన్ స్కేలు. రెండు కాళ్లు సమానంగా రావాలంటే కంటి అంచనా చాలదు, తూచాల్సిందే.

మొదటి బొమ్మగా కూర్చున్న ఎలుగుబంటి పిల్లని చెయ్యి. నిలబడ్డ మనిషి బొమ్మ జోలికి ఇప్పుడే వెళ్లకు. కూర్చున్న బొమ్మకి అడుగు వెడల్పుగా ఉంటుంది కాబట్టి పడిపోదు. ఎలుగుకి మెడ కనపడక్కర్లేదు, వేళ్లు చెక్కక్కర్లేదు. ఒంటికి 60 గ్రాములు, తలకి 40, ఒక్కో కాలికి 12, ఒక్కో చేతికి 7, ఒక్కో చెవికి 2 గ్రాముల చొప్పున తీసుకో. మొత్తం ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల బొమ్మ వస్తుంది. తల కాస్త పెద్దదిగా అనిపిస్తుంది, కానీ అలా ఉంటేనే పసితనం వస్తుంది.

ఏ భాగమైనా ముందు నున్నటి ఉండగా చేసుకోవాలి. పగుళ్ల బెడద తీరేది ఇక్కడే, తొందరపడకు. ముద్దని రెండు అరచేతుల మధ్య పెట్టి మొదట గట్టిగా నొక్కుతూ తిప్పు. లోపలి మడతలన్నీ కలిసిపోతాయి. తర్వాత తిప్పడం ఆపకుండా ఒత్తిడి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ రా. ఉండ మీద గీత ఏమైనా మిగిలిందేమో వెలుతురులో తిప్పి చూడు. ఇప్పుడు సన్నగా కనిపించే గీతే సాగదీసినప్పుడు నోరు తెరుస్తుంది. చేతులకి అంటుకుంటుంటే వెజిటబుల్ షార్ట్‌నింగ్ (వనస్పతి లాంటి గట్టి కొవ్వు) చాలా కొద్దిగా రాసుకో. కార్న్‌ఫ్లోర్ బల్ల మీద చల్లుకోవడానికే తప్ప చేతులకి పదేపదే అద్దుకోవద్దు, అది తేమని పీల్చి ముద్దని ఎండబెడుతుంది. నీ అరచేతులు వేడిగా ఉండే రకమైతే మధ్యలో చల్లటి నీళ్లతో కడుక్కుని, పూర్తిగా తుడుచుకుని మళ్లీ కూర్చో.

ఇక ముఖం. బొమ్మకి ప్రాణం వచ్చేది ఇక్కడే కాబట్టి వివరంగా చెప్తాను. తల మధ్యలో అడ్డంగా ఒక గీత ఊహించుకో. కళ్లు ఆ గీతకి కాస్త కింద, ఒకదానికొకటి ఎడంగా రావాలి. పైకి పెట్టినా, దగ్గరగా పెట్టినా పెద్దమనిషి ముఖం అయిపోతుంది. కళ్లని నేరుగా పైన అంటించకు. ముందు బాల్ టూల్ చిన్న కొసతో రెండు గుంటలు చేసి, ఆవగింజంత నల్ల ఉండలు రెండు వాటిలో కూర్చోబెట్టు. గుంట ఉంటే కన్ను ముఖంలో భాగంలా కనిపిస్తుంది. మూతి కోసం తెల్లటి చిన్న ఉండని చదును చేసి అతికించి, దాని మీద ముక్కు పెట్టు. స్ట్రా అంచుని ఏటవాలుగా పట్టుకుని మూతి మీద మెల్లగా నొక్కితే సగం వలయం పడుతుంది, అదే నవ్వు. చివరగా టూత్‌పిక్ కొసతో తెల్లటి చుక్క రెండు కళ్లలోనూ ఒకే వైపు పెట్టు. ఆ చుక్క పడగానే బొమ్మ నీవైపు చూస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే.

అతికించడానికి జిగురు నువ్వే చేసుకోవచ్చు. రెండు టేబుల్ స్పూన్ల కాచి చల్లార్చిన నీళ్లలో పావు టీస్పూను సీఎంసీ వేసి రాత్రంతా వదిలెయ్యి. పొద్దుటికి ఉండలన్నీ కరిగి జిగురవుతుంది. బ్రష్‌తో పల్చగా రాసి, అర నిమిషం ఆగి, కాస్త బంకగా అయ్యాక అతికించు. నీ బొమ్మ చేతులు జారడానికి కారణం జిగురు ఎక్కువ కావడమే. ఫొటోలో భుజాల దగ్గర తడి మెరుపు కనిపిస్తోంది. ఎక్కువ రాస్తే అతకదు, జారుతుంది.

అన్నీ ఒకే పూట అతికించకు. మొదటి రోజు ఒళ్లు చేసి, మెత్తగా ఉండగానే వండని స్పాగెట్టి పుల్లని పైనుంచి నిలువుగా దింపి, తల కోసం రెండు సెంటీమీటర్లు బయటికి వదులు. ఆరాక గుచ్చితే ఒళ్లు చిట్లుతుంది. కాళ్లు కూడా ఆ రోజే పెట్టెయ్యి. తలని విడిగా చేసి, అడుగున మరో స్పాగెట్టి ముక్కతో రంధ్రం చేసి, స్పాంజి మీద గుంటలా తీసి అందులో ఆరబెట్టు. చదునైన బల్ల మీద పెడితే వెనకభాగం అణిగిపోతుంది. మర్నాడు ఒళ్లు గట్టిపడ్డాక తల ఎక్కించు. చేతులు అన్నిటికన్నా చివర. అవి మెత్తగా ఉండగానే పెడితే ఒంటి వంపుకి తగ్గట్టు ఒదుగుతాయి. ఆ తర్వాత ఇంకో రెండు రోజులు కదపకు. వానాకాలమైతే ఇంకాస్త ఎక్కువ పడుతుంది, ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టు. ఎండలో పెడితే రంగు వెలుస్తుంది, ఓవెన్‌లో పెడితే మెత్తబడి కుంగుతుంది. ఒళ్లు మందంగా ఉంటుంది కాబట్టి లోపల కొంచెం మెత్తగానే మిగులుతుంది, దానికి కంగారు పడకు.

ఆరాక సన్నని పగులు కనిపిస్తే, అదే రంగు ముద్దని చుక్క నీటితో పేస్టులా చేసి వేలితో నింపి తుడువు. పైన కార్న్‌ఫ్లోర్ తెల్లగా మిగిలితే పొడి బ్రష్‌తో దులుపు.

ఆరిన బొమ్మని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. బయటికి తీయగానే దాని మీద తేమ పట్టి, బంకగా అయి, నల్ల రంగు కారుతుంది. గాలి చొరని డబ్బా కూడా వద్దు. అట్టపెట్టెలో టిష్యూ పేపర్ వేసి, ఎండ తగలని చోట ఉంచు. కేకు క్రీముదైతే బొమ్మని నేరుగా క్రీము మీద కూర్చోబెట్టకు, అడుగు నుంచి తేమ పీల్చుకుంటుంది. కింద సన్నని కేక్ బోర్డు ముక్క పెట్టు. బొమ్మ బరువుగా ఉంటే బోర్డు కింద మూడు నాలుగు లావు స్ట్రాలు కేకు ఎత్తుకి కత్తిరించి దింపు, లేకపోతే మెత్తటి స్పాంజి కేకులోకి కుంగుతుంది. దూరం తీసుకెళ్లాలంటే బొమ్మని వేరే పెట్టెలో పట్టుకెళ్లి, కేకుని బల్ల మీద పెట్టాక అక్కడే అమర్చు.

ఇంకొక్క మాట, దీన్ని మాత్రం మరిచిపోకు. లోపల టూత్‌పిక్‌లు, తీగలు పెట్టకు. పసిపిల్లలు బొమ్మ చూడగానే ముందు తల కొరుకుతారు. ఎండిన స్పాగెట్టి కూడా గట్టిగా, మొనతేలి ఉంటుంది కాబట్టి లోపల ఫలానా చోట పుల్ల ఉంది, పిల్లలకి ఇచ్చే ముందు తీసెయ్యండి అని కేకు అందుకునేవాళ్లకి నోటితో చెప్పు, పెట్టె మీద రాసి కూడా ఇవ్వు.

ఎలుగుబంటి ఆరాక పక్కనుంచి, ముందునుంచి రెండు ఫొటోలు తీసి పంపు. మనిషి బొమ్మ సంగతి అవి చూశాక రాస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ