నాన్నకు గ్లకోమా, నేను విటమిన్ మాత్రలు మొదలుపెట్టాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాన్నకు గ్లకోమా (నీటికాసులు, అంటే కంటి నరం దెబ్బతినే జబ్బు) అని తేలింది. నాకు 42 ఏళ్లు. ఇది వంశపారంపర్యమనీ, విటమిన్ సి, ఇ మాత్రలు వేసుకుంటే రాదనీ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మొదటి మాట నిజమే. అమ్మానాన్నలకో తోబుట్టువులకో గ్లకోమా ఉంటే మనకు వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువ, కానీ తప్పకుండా వస్తుందని కాదు. మయోసిలిన్ లాంటి ఒక్క జన్యువులోని మార్పు వల్ల వచ్చే కేసులు కొద్దిగానే ఉంటాయి, పెద్దవాళ్లలో ఎక్కువగా అనేక జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు కలిసి, వాటికి వయసు, కంటి ఒత్తిడి తోడై జబ్బు వస్తుంది.

విటమిన్ల మాట పూర్తిగా గాలి కబురు కాదు. కంటి ముందు భాగంలోని ద్రవంలో విటమిన్ సి రక్తంలో కంటే చాలా రెట్లు ఎక్కువగా ఉంటుంది. దాన్ని కణాల్లోకి చేర్చే ఎస్‌ఎల్‌సీ23ఏ2 అనే జన్యువులోని తేడాలకూ గ్లకోమాకూ సంబంధం ఉన్నట్టు స్పెయిన్ పరిశోధకులు చూశారు. అయితే సంబంధం కనిపించడం వేరు, మాత్ర వేసుకుంటే జబ్బు ఆగడం వేరు, ఆ రెండోది ఇంతవరకు రుజువు కాలేదు. బి3లో ఒక రూపమైన నికోటినమైడ్ ఎలుకల్లో కంటి నరాన్ని కాపాడిందని 2017లో తేలాక మనుషుల్లోనూ పరీక్షిస్తున్నారు, కానీ ఆ డోసులు చాలా పెద్దవి, లివర్‌కు ప్రమాదం కాబట్టి దయచేసి సొంతంగా వేసుకోకండి.

ఆకుకూరలు, జామకాయ, ఉసిరి హాయిగా తినండి. మాత్రల డబ్బుతో ఈ నెలలోనే కంటి ఒత్తిడి, కంటి నరం, అవసరమైతే విజువల్ ఫీల్డ్ (చుట్టుపక్కల చూపు ఎంతవరకు ఉందో చూసే) పరీక్ష చేయించుకోండి, మీ అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ వెంట తీసుకెళ్లండి. నాన్నగారి చుక్కల మందు మాత్రం ఒక్కరోజు కూడా మాననివ్వకండి.