సిడ్నీ నుండి కాన్‌బెర్రా: మా నాయిన నాతో చదివించుకున్న పేర్లు

ప్రశ్న: విదేశంలో ఉంటూ, వారాంతంలో కారు వేసుకుని ఆ దేశ రాజధానికి వెళ్ళివచ్చినవాళ్ళు ఉన్నారా? సిడ్నీ నుండి కాన్‌బెర్రాకు శని, ఆదివారాలు రెండూ పెట్టడం దండగ అంటున్నారు, నిజమేనా?

నిజం కాదు. నేను తొమ్మిదేళ్ళుగా సిడ్నీ పడమటి వైపున్న వెంట్‌వర్త్‌విల్‌లో ఉంటున్నాను. కాన్‌బెర్రాకు ఇప్పటికి ఐదుసార్లు వెళ్ళాను. మొదటి నాలుగుసార్లు అందరిలాగే పొద్దున బయలుదేరి, ఫ్లోరియాడ్ పూల ప్రదర్శనలో ఫొటోలు దిగి, పార్లమెంటు ముందు నిలబడి, చీకటి పడేసరికి ఇల్లు చేరుకున్నాను. అలా వెళ్ళివచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో ఏమీ లేదనడంలో ఆశ్చర్యం లేదు. ఐదోసారి, రెండేళ్ళ క్రితం మే నెలలో, మా నాయినను తీసుకుని వెళ్ళి ఒక రాత్రి ఉన్నాను. ఆ ప్రయాణం గురించే రాస్తాను.

మాది అచ్చంపేట దగ్గర ఒక పల్లె. ఇప్పుడది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నా, మా నాయిన నోట ఇప్పటికీ పాలమూరే. వయసులో ఉన్నప్పుడు గుంపు మేస్త్రీల దగ్గర బయానా తీసుకుని, తట్టా పారా పట్టుకుని కాలువ పనులకు పోయిన మనిషి. తరువాత ఉన్న రెండెకరాల్లో జొన్న, ఆముదం వేసుకుని మమ్మల్ని చదివించాడు. మూడు నెలల వీసా మీద మా ఇంటికి వచ్చినప్పుడు మొదటి రెండు వారాలూ ఒపేరా హౌస్, హార్బర్ బ్రిడ్జి, సముద్రపు ఒడ్లు అన్నీ తిప్పాను. ఎక్కడ అడిగినా "మంచిగుంది బిడ్డా" అనేవాడు తప్ప ఇంకో మాట లేదు. ఇక్కడి మనవాళ్ళ మీద నాకున్న ఫిర్యాదు కూడా ఇదే. సోమవారం నుండి శుక్రవారం దాకా తల్లిదండ్రులను నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి, శనివారం షాపింగ్ మాల్‌కు తీసుకెళ్ళి, వాళ్ళు సంతోషంగా ఉన్నారని మనకు మనమే చెప్పుకుంటాం. వాళ్ళ బతుకుకు ఆనుకుని ఉన్నది ఈ దేశంలో ఏముందో ఒక్కసారైనా వెతకం.

సిడ్నీ నుండి కాన్‌బెర్రాకు దాదాపు 280 కిలోమీటర్లు. హ్యూమ్ రహదారి మీద చాలా దూరం 110 వేగంతో వెళ్ళవచ్చు కనుక, ఆగకపోతే మూడు గంటల పైచిలుకు పని. పెద్దవాళ్ళు ఉంటే ఆగండి. మేము గౌల్‌బర్న్‌లో ఆగాము. అక్కడ 1985లో కట్టిన పదిహేను మీటర్ల ఎత్తు మెరీనో జాతి పొట్టేలు బొమ్మ ఉంటుంది. దాని ఎదుట బల్ల మీద నేను తెల్లవారుజామున చేసిన జొన్న రొట్టెలు, పల్లీల పొడి విప్పుకుని తిన్నాము. నాయిన రొట్టె చేతిలో పట్టుకుని ఆ పొట్టేలును చాలాసేపు చూసి, "సిమెంటుతోని ఇంత గొర్రెను కట్టిచ్చిండ్రంటే, ఈ ఊరోళ్ళు గొర్ల మీదనే బతికిన్రు బిడ్డా" అన్నాడు. ఈ దేశం వచ్చాక ఆయన అన్న మొదటి పెద్ద మాట అదే.

అక్కడి నుండి రోడ్డు లేక్ జార్జ్ పక్కగా పోతుంది. ఈ సరస్సులోకి వచ్చిన నీటికి బయటకు పోయే దారి లేదు. వానలు పడితే నిండుతుంది, కరువొస్తే ఎండుతుంది, ఎండినప్పుడు అందులో గొర్రెలు మేస్తాయి. మేము వెళ్ళిన రోజు నీళ్ళు దూరంగా పలచటి గీతలా కనిపించాయి. నేను సరస్సు అంటుంటే నాయిన ఒప్పుకోలేదు. "ఇది శిఖం గదా" అన్నాడు. చెరువు నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు బయటపడి, మా దగ్గర రైతులు జొన్నలో శనగలో చల్లుకునే నేలకు ఆ పేరు. ఐదుసార్లు ఆ దారిన పోయిన నాకు ఆ మాట తట్టలేదు.

కాన్‌బెర్రా పుట్టుక గురించి కారులోనే చెప్పాను. 1901లో ఆస్ట్రేలియా ఒక్కటైనప్పుడు రాజధాని తమకే కావాలని సిడ్నీ, మెల్‌బోర్న్ పట్టుబట్టాయి. చివరికి సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోనే, కానీ సిడ్నీకి నూరు మైళ్ళకు తక్కువ కాని దూరంలో కొత్త ఊరు కట్టాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 1913 మార్చి 12న దానికి పేరు పెట్టారు. 1927 దాకా పార్లమెంటు మెల్‌బోర్న్‌లోనే నడిచింది. రాజధానులు మారడం మాకు కొత్త కాదు. అలంపురం దగ్గర తుంగభద్ర అవతలి ఒడ్డున ఉన్న కర్నూలు 1953 నుండి 1956 దాకా మూడేళ్ళు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. కాన్‌బెర్రాకు నమూనా గీసిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్ 1937లో మన లక్నోలో చనిపోయాడు, ఆయన సమాధి అక్కడే ఉంది. ఊరి నడుమ ఉన్న చెరువుకు ఆయన పేరే పెట్టారు; మొలాంగ్లో నదికి అడ్డంగా డ్యాం కట్టి 1964లో నింపిన చెరువు అది. డ్యాం అన్న మాట వినగానే నాయిన అద్దంలో నుండి నా వైపు చూశాడు.

పార్లమెంటు భవనాలు త్వరగానే చూశాము. పాత పార్లమెంటు ఎదుట 1972 నుండి అక్కడి ఆదివాసులు గుడారాలు వేసుకుని తమ భూమి హక్కు అడుగుతున్నారని చెబితే, నాయిన అక్కడే ఆగి, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి కదిలాడు.

మూడు గంటలకు యుద్ధ స్మారకానికి చేరుకున్నాము. యూట్యూబ్‌లో ఒక్క రోజులో పన్నెండు చోట్లు చూపించేవాళ్ళు దీనికి నలభై నిమిషాలు కేటాయిస్తారు. విమానాలు, ఫిరంగులు ఉన్న గదులకు ఆ మాత్రం చాలునేమో కానీ, అక్కడ అసలు చూడవలసినవి ముంగిలికి రెండు వైపులా మేడ మీద ఉన్న పొడవాటి వసారాలు. వాటి గోడల నిండా కంచు పలకలు, పలకల నిండా యుద్ధాలలో చనిపోయిన ఆస్ట్రేలియావాళ్ళ పేర్లు. లక్షకు పైగా ఉంటాయి. పలకల సందుల్లో జనం గుచ్చిన ఎర్రటి పాపీ పూలు గోడ పొడవునా కనిపిస్తుంటాయి.

నాయినకు ఇంగ్లీషు రాదు. ఒక పలక ముందు నిలబడి "చదువు" అన్నాడు. నాలుగైదు పేర్లు చదివి ఆగాను. "చదువు బిడ్డా" అన్నాడు మళ్ళీ. ఆ పలకలో ఉన్న వరుస అంతా చదివాను. ఒక్కో పేరుకూ వేలితో కంచును తాకుతూ నా వెంట కిందికి దిగాడు. రాళ్ళు మోసి గట్టిపడిన ఆ వేలు అక్షరం లోతును పట్టుకుని ఆగడం నేను పక్క నుండి చూస్తూ ఉన్నాను. "ఇందుల పెద్ద ఆఫీసరు ఎవరు?" అని అడిగాడు. ఇక్కడ హోదాలు రాయరని, ఏ దళంలో పనిచేశారో ఆ దళం కింద ఇంటిపేరు వరుసలో ఉత్త పేరు మాత్రమే ఉంటుందని చెప్పాను. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

అప్పుడు మా పెద్దనాయిన మాట తీశాడు. డెబ్బైల మొదట్లో ఒక కరువు ఏడాది మా పెద్దనాయిన మేస్త్రి వెంట డ్యాం పనికి పోయాడు. ఆరు నెలలకు మేస్త్రి ఒక్కడే వచ్చి, మట్టిపెళ్ళ విరిగి మీద పడిందని చెప్పి, ఒక రేకు పెట్టె మా నాయనమ్మ ముందు పెట్టాడట. అందులో రెండు చొక్కాలు, ఒక సత్తు గిన్నె ఉన్నాయట. ఆ డ్యాం ఏదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. "బొంబాయి దిక్కు" అన్న మాట తప్ప మేస్త్రి ఇంకేమీ చెప్పలేదు. తరువాత ఆ మేస్త్రి కూడా పోయాడు. ఈ కథ నాకు చిన్నప్పటి నుండి తెలుసు. అయితే నాయిన దాన్ని నిలబడి, పేరు పెట్టి చెప్పడం వినడం అదే మొదటిసారి.

వసారాల చివర గోపురం కింద ఒక సమాధి ఉంది. ఫ్రాన్స్‌లో పాతిపెట్టిన, ఎవరో తెలియని ఒక ఆస్ట్రేలియా సైనికుణ్ణి 1993 నవంబరు 11న తెచ్చి అక్కడ ఉంచారు. నేను వివరించాక నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "వీనికి జాగ ఉన్నది, పేరు లేదు. మా అన్నకు పేరున్నది, జాగ లేదు" అన్నాడు. మా అబ్బాయి కింద నుండి ఒక పాపీ పువ్వు తెచ్చి తాత చేతిలో పెట్టాడు. ఎవరి పేరు పక్కన పెడతావని అడిగితే, "ఎవలదైతేంది, ఒక ఇంటోడే గద" అని తన చేతికి అందిన సందులో గుచ్చాడు.

సాయంత్రం మూసే ముందు రోజూ లాస్ట్ పోస్ట్ అనే కార్యక్రమం జరుగుతుంది. ముంగిట్లో నీటి కొలను చుట్టూ జనం నిలబడతారు, వచ్చినవాళ్ళు పూలచక్రాలు పెడతారు, ఆ గోడల మీది లక్ష పేర్లలో ఒక్కరి కథ చదువుతారు, చివర బూర ఊదుతారు. ఆ రోజు వంతు మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన ఒక యువకుడిది. గొర్రెల బొచ్చు కత్తిరించే కూలీ. ఏ ఊరివాడు, తండ్రి ఏం చేసేవాడు, ఏ రోజు ఎక్కడ పడిపోయాడు అన్నీ చదువుతుంటే నేను నాయిన చెవిలో తెలుగులో చెబుతూ వచ్చాను. "దినాం ఒక్కరిదేనా?" అని అడిగాడు. అవునన్నాను. అక్కడే నిలబడి లెక్క వేస్తే, రోజుకొకరి చొప్పున లక్ష మందికి పైగా చదవడానికి దాదాపు 280 ఏళ్ళు పడుతుందని తేలింది. అది విని ఆయన "అయినా సదువుతున్రు" అన్నాడు. బూర మొదలయ్యేసరికి నాకు కళ్ళు కనబడలేదు.

మా పాలమూరు కూలీలు దేశంలో ఎన్ని చోట్ల కట్టలు కట్టారో, ఎన్ని కాలువలు తవ్వారో తెలుగువాళ్ళందరికీ తెలిసిన విషయమే. నేను చూసిన ప్రతి శిలాఫలకం మీదా ప్రారంభించినవాళ్ళ పేర్లు, అధ్యక్షత వహించినవాళ్ళ పేర్లు, విచ్చేసినవాళ్ళ పేర్లు బంగారు రంగులో ఉన్నాయి. తట్ట మోసినవాడి పేరు ఒక్కటి కూడా నా కంటపడలేదు. ఈ మాట ఆ రాత్రి కాన్‌బెర్రా పక్కనే ఉన్న క్వీన్‌బియాన్ పట్టణంలో బస చేసిన గదిలో అన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. సైనికులు వేరు, కూలీలు వేరు, ఏ దేశమైనా సైనికుల పేర్లే రాసుకుంటుందని ఆయన వాదన.

అందుకే ఆదివారం పొద్దున సిడ్నీ వైపు తిరగకుండా, దక్షిణంగా మరో 115 కిలోమీటర్లు నడిపి కూమా అనే చిన్న పట్టణానికి తీసుకువెళ్ళాను. స్నోయీ పర్వతాల నీటి పథకం 1949లో మొదలై 1974 దాకా సాగింది. పదహారు పెద్ద డ్యాంలు, కొండల లోపల సొరంగాలు. ముప్పైకి పైగా దేశాల నుండి వచ్చినవాళ్ళతో కలిపి లక్ష మంది దానిలో పనిచేశారు. ఆ పనిలో 121 మంది చనిపోయారు. వాళ్ళ స్మారకం కూమాలో ఉంది, దాని మీద వాళ్ళ పేర్లున్నాయి. మంత్రుల పేర్ల కోసం నాయిన వెతకలేదు. "వీళ్ళు మనలెక్క పనికొచ్చినోళ్ళేనా?" అని మాత్రం రెండుసార్లు అడిగి తెలుసుకుని, 121 పేర్లూ నాతో చదివించుకున్నాడు. మా ఆయన ఆ తరువాత ఆ వాదన ఎత్తలేదు.

ఇక మీరు అడిగిన దానికి సూటిగా చెబుతాను. ఒక్క రోజులో వెళ్ళిరావద్దు. యుద్ధ స్మారకానికి ప్రవేశం ఉచితమే కానీ టికెట్ ముందే తీసుకోవాలో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోండి, సాయంత్రం కార్యక్రమం అయ్యేదాకా కదలకండి. గదులు క్వీన్‌బియాన్‌లో కొంత చవక. మే నుండి ఆగస్టు దాకా రాత్రి చలి సున్నా దగ్గరికి పోతుంది. పెద్దవాళ్ళకు మంకీ టోపీ, మందపాటి దుప్పటి తప్పనిసరి. ఇంట్లో తల్లిదండ్రులు ఉంటే వాళ్ళను తప్పక తీసుకెళ్ళండి, పక్కన నిలబడి ఓపికగా తెలుగులో చెప్పండి.

తిరుగు ప్రయాణంలో లేక్ జార్జ్ దగ్గర నాయిన ఒక్కసారిగా పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. మా పెద్దనాయినతో కలిసి ఆ ఏడాది ఆ మేస్త్రి వెంట పోయిన గుంపు అది. వెనుక సీట్లో ఉన్న మా అబ్బాయికి తెలుగు రాయడం రాదు కనుక బడి పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుంటూ పోయాడు. వాళ్ళ ఇళ్ళవాళ్ళను అడగలేదు కనుక ఆ పేర్లు ఇక్కడ రాయడం లేదు. గౌల్‌బర్న్ వచ్చేసరికి పద్నాలుగు అయ్యాయి. పదిహేనో మనిషి మొహం గుర్తుంది, ఎడమ చేతికి కడియం ఉండేదని కూడా గుర్తుంది, పేరు మాత్రం రాలేదు. ఇల్లు చేరేదాకా నాయిన ఇంకో మాట మాట్లాడలేదు. ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే ఊళ్ళో ఉన్న మా చిన్నాన్నకు ఫోను కలపమన్నాడు. ఆయన పొద్దున్నే రచ్చకట్ట మీద ముసలివాళ్ళను అడిగి చెబుతానన్నాడు. మరునాడు నేను ఆఫీసులో ఉండగా వాట్సాప్‌లో చిన్నాన్న గొంతుతో ఆరు సెకన్ల మాట వచ్చింది. సాయంత్రం ఇంటికి వెళ్ళి, మా అబ్బాయి రాసిన పద్నాలుగు పేర్ల కింద ఆ పదిహేనో పేరు తెలుగులో రాశాను.