తాత ఉలితో ఎలక్ట్రిక్ గిటార్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో, పాత వడ్రంగి సామాను తుక్కు కింద అమ్మేయకండి, దాంతో గిటార్ కూడా చేసుకోవచ్చు అని ఒక్క ముక్క రాసినా. ఆ ఒక్క ముక్కకే ఇన్ని ప్రశ్నలు వస్తాయనుకోలేదు. అన్నిటికీ చోటు లేదు, ఐదు తీసుకున్నా.

గుత్తి నుంచి ఒక తమ్ముడు: అన్నా, మా తాత వడ్రంగి. ఆయన పోయినాక ఉలులు, రంపాలు, తోపడ, బాడిశ అన్నీ గోనెసంచిలో మూటగట్టి అటక మీద పడేసినారు. నాకు ఎలక్ట్రిక్ గిటార్ అంటే పిచ్చి. వీడియోల్లో చూస్తే అందరూ రూటర్, బ్యాండ్ సా అని పెద్ద పెద్ద మిషన్లు పెట్టుకోని చేస్తాండారు. అవేవీ లేకుండా అవుతుందా, నిజం చెప్పు.

అవుతుందప్పా. టైమ్ పడుతుంది అంతే, రూటర్‌తో అరగంటలో అయ్యే గుంట నీకు రెండు ఆదివారాలు పడుతుంది. ఒకటి మాత్రం ముందే చెప్పేస్తా, డబ్బు మిగుల్తుందని అయితే మొదలుపెట్టొద్దు. చెక్క ఊరికే దొరికినా ట్యూనర్లు (తీగలు బిగించే మరలు), బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే ముక్క), పికప్ (తీగల కదలికను కరెంటుగా మార్చేది), ఫ్రెట్ వైరు (మెట్లకు కొట్టే లోహపు తీగ), ట్రస్ రాడ్డు (మెడ వంగకుండా లోపల పెట్టే కడ్డీ) కొనాల్సిందే, అవన్నీ కలిపితే మామూలు సెకండ్ హ్యాండ్ గిటార్ రేటు దగ్గరికి పోతుంది. చేయాలనే దురద ఉంటేనే దిగు.

క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే పేరు వినుంటావు. 1963లో ఇంకా స్కూలు పిల్లోడుగా ఉన్నప్పుడే వాళ్ళ నాయనతో కలిసి ఇంట్లోనే చేతి పనిముట్లతో గిటార్ మొదలుపెట్టినాడు, రెండేళ్ళు పట్టింది. మెడకు వాడింది పాత చలిమంట గూటికి ఉన్న చెక్క, పురుగు తొలిచిన బొక్కలుంటే అగ్గిపుల్లలు దూర్చి పూడ్చినారు. తీగల్ని ఊపే ట్రెమొలోకు మోటార్‌సైకిల్ వాల్వు స్ప్రింగులు పెట్టినారు. తర్వాత లోకమంతా తిరిగి వాయించింది ఆ గిటార్‌తోనే. మన దగ్గర చలిమంట గూళ్ళు యాడుంటాయి గానీ కూల్చేసిన మిద్దె ఇండ్ల దూలాలు, ద్వారబంధాలు కావలసినన్ని. పాత టేకు కనిపిస్తే వదలొద్దు, ఏండ్ల తరబడి ఎండిన చెక్క కాబట్టి ఇంక వంకర్లు పోయేది తక్కువ. కాకపోతే దాంట్లో విరిగిన మేకులు దాక్కోనుంటాయి, ముందు అయస్కాంతం పెట్టి వెతుకు, లేకుంటే తాత ఉలి మొన ఊడుతుంది. టేకు పదును కూడా తొందరగా తినేస్తుంది, దాంట్లో సిలికా ఉంటుంది, సానరాయి పక్కనే పెట్టుకో. నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి వెంటనే ఫెవికాల్ పెట్టాల. వెనకటోళ్ళు వజ్రం అనే జిగురు ఉడకబెట్టి అతికించేవాళ్ళు, అది తెలిసినోళ్ళు మీ ఇంట్లో ఎవరన్నా ఉంటే ఇంకా మంచిది.

బాడీ 45 మిల్లీమీటర్ల మందం. నడుము దగ్గర వంపు కోసం బ్యాండ్ సా అక్కర్లేదు, గీసిన గీత దాకా అంగుళానికొకటి రంపం కోత పెట్టుకుంటూ పో, మధ్యలో మిగిలే ముక్కల్ని ఉలితో ఎగరగొట్టు, తర్వాత ఆకురాయితో నున్నగా రుద్దు. పికప్ గుంటకు చేతి డ్రిల్లు బిట్టు మీద లోతు గుర్తుకు టేపు చుట్టి పక్కపక్కనే బొక్కలు వెయ్యి, నడుమ గోడలు ఉలితో తీసెయ్. ఇదంతా ఓపిక పనే గానీ కష్టం కాదు, ద్వారబంధానికి గాడి తీసినోడికి ఇది లెక్కే కాదు.

అసలు కష్టం మెడలో ఉంది. అందరూ బాడీ షేపు గురించి నెల ఆలోచించి మెడ రెండు రోజుల్లో ముగిస్తారు, అక్కడే చెడేది. ఆరు తీగలూ శ్రుతికి బిగిస్తే మెడ మీద దాదాపు 45 కిలోల లాగుడు పడుతుంది, అంటే రాత్రీ పగలూ ఒక శెనక్కాయల మూట వేలాడినట్టు. అందుకే లోపల ట్రస్ రాడ్డు. దానికి గాడి కావాలంటే రెండు గీతలు కత్తితో లోతుగా కోసి 6 మిల్లీమీటర్ల ఉలితో మెల్లగా తియ్, లోతు ఎంతనేది నువ్వు కొన్న రాడ్డును బట్టి. నేను మొదటి గిటార్‌కు రాడ్డు దండగ అనుకున్నా, అదీ ఆ యేడే కొట్టిన పచ్చి వేపతో మెడ చేసినా. రోహిణి కార్తెలో రోళ్ళు పగుల్తాయంటారు, రోళ్ళే పగిలేటప్పుడు నా మెడ ఎంత, ఎండాకాలం దాటేసరికి విల్లు మాదిరి వంగి తీగలకూ మెట్లకూ నడుమ వేలు దూరేది. ఇప్పటికీ గోడకు తగిలించుంది, మా ఇంట్లో దాన్ని రాములోరి విల్లు అంటారు.

ఇంకోటి, మెడను బాడీకి జిగురుతో అతికించొద్దు. ముందు రేడియో రిపేరు షాపు నడిపిన లియో ఫెండర్ అనే ఆయన, ఆయనకు గిటార్ వాయించడం కూడా రాదు, 1950లో మెడను నాలుగు స్క్రూలతో బిగించి గిటార్లు అమ్మడం మొదలుపెట్టినాడు. ఆ పద్ధతే పట్టుకో, మెడ చెడితే మెడ ఒక్కటే మళ్ళీ చేసుకుంటావు. మెడ వీపు గుండ్రంగా రావడానికి ముందు ఆకురాయి, చివర్లో పగిలిన గాజు పెంకుతో గీకు, ఎంత మంచి ఎమిరి పేపర్‌కైనా ఆ నునుపు రాదు, చేతికి గుడ్డ చుట్టుకోవడం మర్చిపోకు.

ఆదోని నుంచి: సార్, నేను చెక్కతో గిటార్ మెడ చేసినాను. కింద రెండు మూడు మెట్లు బాగానే పలుకుతాయి, పైకి పోయేకొద్దీ అపశ్రుతి. మొదటి మెట్టు నుంచి రెండోది, రెండోదాని నుంచి మూడోది అట్ల టేపుతో కొలిచి జాగ్రత్తగానే కోసినాను. ఎక్కడ పొరపాటు?

కొలిచిన పద్ధతే పొరపాటు సార్. ఒక్కో మెట్టుకు 0.3 మిల్లీమీటరు ఒకే వైపు తప్పు పోయినా పన్నెండో మెట్టుకు 3.6 అయిపోతుంది, అంటే అర స్వరంలో ఐదో వంతు తేడా, చెవిలో గుచ్చుకుంటుంది. అన్ని కొలతలూ నట్ (మెడ కొసన తీగలు ఆనే ముక్క) దగ్గర నుంచే తియ్యాల, స్టీలు స్కేలు ఒక్కసారి బిగించి పెట్టి చివరి మెట్టు దాకా దాన్ని కదపకుండా. లెక్క సులభమే, నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం, మిగిలిన పొడవును మళ్ళీ 17.817తో భాగిస్తే మొదటిదానికీ రెండోదానికీ నడుమ దూరం, దాన్ని ముందుదానికి కూడితే నట్ నుంచి రెండోది, అట్ల పోతానే ఉండు. తీగ పొడవు 648 మిల్లీమీటర్లు అనుకుంటే నట్ నుంచి మొదటిది 36.4, రెండోది 70.7, మూడోది 103.1, ఐదోది 162.6, ఏడోది 215.5, పన్నెండోది సరిగ్గా సగం 324. సగం రాకపోతే ఎక్కడో తప్పినట్టే.

వీణ చేసేవాళ్ళకు ఈ బాధ తక్కువ. వాళ్ళ మెట్లు మైనంలో కూర్చోనుంటాయి, శ్రుతి తేడా వస్తే మైనం కరిగించి జరుపుకుంటారు. గిటార్‌కు కోసేస్తే కోసినట్టే. కోత వెడల్పు కూడా చూడండి, మన వడ్రంగి రంపం కోత మరీ వెడల్పు, ఫ్రెట్ వైరు కాలు అర మిల్లీమీటరు చిల్లర, గాడిలో వదులుగా ఊగుతుంది. హాక్సా బ్లేడు తీసుకొని పళ్ళు పక్కలకు తెరిచినట్టు ఉంటాయే, వాటిని రెండు వైపులా సానరాయి మీద రుద్ది చదును చేస్తే దాదాపు సరిపోతుంది, ముందు పనికిరాని ముక్క మీద కోసి వైరు కొట్టి చూడండి. బ్రిడ్జి మాత్రం సరిగ్గా 648 దగ్గర బిగించొద్దు, వేలితో నొక్కితే తీగ సాగి శ్రుతి కొంచెం పెరుగుతుంది కాబట్టి సన్న తీగకు ఒకటి రెండు, లావు తీగకు మూడు నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి జరగాల. స్క్రూలతో జరిగే బ్రిడ్జి కొనుక్కుంటే ఈ గొడవ తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.

బద్వేలు నుంచి: అన్నా, ఎర్రచందనంతో గిటార్ చేస్తే సౌండు అదిరిపోతుందని మా ఫ్రెండు చెప్పినాడు. మా మామ చేను గట్టు మీద ఒక చెట్టు ఉంది.

ఆ చెట్టు జోలికి పోకబ్బీ. సొంత గట్టు మీదున్నా సరే, ఫారెస్టోళ్ళ పర్మిట్ లేకుండా కొట్టడమూ నేరమే, తీసుకపోవడమూ నేరమే, మన శేషాచలం, పాలకొండ, లంకమల కొండల్లో తప్ప లోకంలో సహజంగా పెరిగే చోట్లే తక్కువ, 1995 నుంచి, అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం కింద కూడా ఉంది. మీ ఫ్రెండు పూర్తిగా అబద్ధం చెప్పలేదులే, జపాన్ వాళ్ళ షామిసెన్ వాద్యం మెడకు దీన్ని మేలురకం అంటారు. కానీ ఇది నీళ్ళలో మునిగే చెక్క, గిటార్ బాడీ చేస్తే బాడీ ఒక్కటే నాలుగున్నర కిలోలు దాటుతుంది, రెండు పాటలకే భుజం పడిపోతుంది. ఎలక్ట్రిక్ గిటార్ సౌండులో చెక్క వాటా కంటే పికప్, తీగలు, ఆంప్ (సౌండు పెంచే పెట్టె) వాటానే ఎక్కువ అని నా లెక్క, కాదనేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళతో నేను వాదనకు దిగను. పాత టేకు, పనస, మామిడి ఏదైనా బాగా ఎండింది తీసుకో.

తాడిపత్రి నుంచి: పికప్ కూడా ఇంట్లోనే చుట్టొచ్చా? మా బాబాయిది బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు.

చుట్టొచ్చు. అయస్కాంతం చుట్టూ రాగి తీగ, ఆ పైన ఇనుప తీగ కదిలితే రాగి తీగలో కరెంటు పుడుతుంది, అంతే సంగతి, అందుకే నైలాన్ తీగలు పెడితే పలకదు. కానీ బాబాయి షాపులో తీగ పనికిరాదు, ఇది 42 గేజీ, 0.06 మిల్లీమీటర్లు, వెంట్రుక మాదిరి ఉంటుంది, 8000 చుట్లు దాకా చుట్టాల, ఊపిరి గట్టిగా వదిలినా తెగేట్టుంటుంది. నాది నాలుగుసార్లు తెగింది, ఐదోసారి కొనుక్కున్నా. బాబాయి చేతి వాటం నీకుంటే చెప్పలేం.

అనంతపురం నుంచి ఒక అమ్మ: మా పిల్లోడు ఈ గిటార్ చేస్తానని కూర్చున్నాడు. కరెంటు గిటార్ కదా, షాక్ కొట్టదా నాయనా?

గిటార్‌లో ఇంటి కరెంటు ఉండదమ్మా, దాంట్లో పుట్టేది వోల్టు కూడా నిండదు. భయం ఉంటే ఆంప్ దగ్గర. గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి, ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేక ఆంప్‌లో లీకేజీ వస్తే అది నేరుగా తీగల్లోకి, పిల్లోడి చేతికి వస్తుంది. పాత ఇండ్లలో మూడు బొక్కల ప్లగ్గు ఉంటుంది గానీ మూడో బొక్క వెనక వైరే ఉండదు, పిల్లోడు చెక్క కోస్తున్నప్పుడే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ఒక్కటి చూపించండి.