మీటింగ్‌కి వెళ్తే లేచి మాట్లాడాల్సిందేనా?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు నలభై దాటాయి. రోజూ తాగుతాను. మానడం, మళ్లీ మొదలుపెట్టడం చాలాసార్లు అయింది. డాక్టర్ మందులు రాసి, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగులకు కూడా వెళ్లమన్నారు. నలుగురిలో లేచి నా కథ చెప్పడం నా వల్ల కాదు. తెలిసినవాళ్లు కనబడితే పరువు పోతుందని టెన్షన్. పైగా అక్కడ దేవుడి మాటలు ఎక్కువట, నాకు ఆ నమ్మకం లేదు. నిజంగా ఉపయోగం ఉంటుందా? - పేరు వద్దు

జవాబు: పేరు వద్దన్నారు కదా, పూర్తి పేరు అక్కడా ఎవరూ అడగరు. మాట్లాడటం కూడా మీ ఇష్టం. మీ వంతు వచ్చినప్పుడు "ఈరోజు వినడానికి వచ్చాను" అంటే పక్కవాళ్లకు వెళ్లిపోతుంది. తెలిసినవాళ్లు కనబడితే అంటారా, వాళ్లూ ఆ గదిలోనే ఉన్నారంటే మీ పరువు, వాళ్ల పరువు ఒకే చోట ఉన్నట్టు! అయినా భయంగా ఉంటే క్లోజ్డ్ మీటింగ్ ఎంచుకోండి, దానికి తాగుడు మానాలనుకునేవాళ్లే వస్తారు. ఓపెన్ మీటింగుకైతే ఇంట్లోవాళ్లు, స్నేహితులు, ఊరికే తెలుసుకుందామనుకునేవాళ్లు కూడా రావచ్చు. ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి.

ఏఏ వెబ్‌సైట్‌లో, హెల్ప్‌లైన్‌లో మీటింగుల వివరాలు దొరుకుతాయి. కానీ జాబితా చూసి నేరుగా వెళ్లిపోకండి, కొన్ని ఎప్పుడో ఆగిపోయి ఉంటాయి, లేదా టైమ్ మారి ఉంటుంది. ఫోన్ చేసి ఏ భాషలో జరుగుతుంది, ఓపెనా క్లోజ్డా అని అడగండి, ఒక్కడినే రావడానికి బెరుకుగా ఉందని కూడా చెప్పండి, చాలాచోట్ల ఎవరో ఒకరు గుమ్మం దగ్గర ఉండి లోపలికి తీసుకెళ్తారు. గంట, గంటన్నరలో అయిపోతుంది. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ సలహాలివ్వరు. చివర్లో ఖర్చుల కోసం డబ్బా తిప్పుతారు, వేయకపోయినా పర్వాలేదు, ఫీజంటూ ఏమీ లేదు.

మీ సంగతి వాళ్లకెందుకు అనిపించవచ్చు. ఏఏ మొదలైందే ఆ "ఎందుకు" దగ్గర. 1935లో బిల్ విల్సన్ అనే ఆయన మందు మానేసి కొన్ని నెలలే అయింది, అమెరికాలోని ఆక్రన్‌కి వ్యాపారం పని మీద వెళ్తే అది కాస్తా బెడిసికొట్టింది. మళ్లీ తాగేస్తానేమోనని భయం పట్టుకుని, తనలాంటి తాగుబోతు ఇంకొకరు దొరికితే మాట్లాడదామని వెతికితే డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ దొరికాడు. అంటే బిల్ మాట్లాడింది ముందు తన కోసం. మీరు వెళ్లి ఊరికే కూర్చున్నా, అక్కడ పదేళ్లుగా మానేసినవాడికి మీరు పనికొస్తారు.

దేవుడి సంగతి నిజమే, తాగుడు మానడానికి వాళ్లు పాటించే 12 మెట్లలో ఆ మాట ఉంది. "మనం అర్థం చేసుకున్న విధంగా" అని కూడా ఉంది, అందుకే దేవుడి బదులు గ్రూపునే తమకన్నా పెద్ద శక్తి అనుకునేవాళ్లు చాలామంది. చేరడానికి కావలసింది మానాలనే కోరిక ఒక్కటే. అయినా చిరాకేస్తే వాదించకండి, ఇంకో గ్రూపు చూడండి. ఒకచోట ప్రార్థనలెక్కువ, ఇంకోచోట నవ్వులెక్కువ. స్మార్ట్ రికవరీ అని 1994లో మొదలైన ఇంకో సంస్థ ఉంది, అక్కడ మెట్లు, దేవుడు ఉండవు, ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే పద్ధతులు నేర్పుతారు.

ఉపయోగం సంగతికొస్తే, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 2020లో 27 అధ్యయనాలను కలిపి చూసింది. పద్ధతి ప్రకారం ఏఏలోకి నడిపించినవాళ్లలో ఏడాది తర్వాత చుక్క ముట్టకుండా ఉన్నవాళ్లు 42 శాతం, వేరే చికిత్సలు తీసుకున్నవాళ్లలో 35 శాతం. అద్భుతమేమీ కాదు, తీసిపారేసేదీ కాదు. నామటుకు నేను, నాలుగైదు వేర్వేరు గ్రూపులు చూశాకే తీర్పు చెప్పమంటాను. కాస్త ముందు వెళ్లండి, అయిపోగానే పారిపోకండి, అసలు మాటలు కుర్చీలు సర్దేటప్పుడే నడుస్తాయి. ఫోన్ నంబర్లు తీసుకోండి, తాగాలనిపించినప్పుడు చేయండి, తాగేశాక కాదు. కొన్నాళ్లకు స్పాన్సర్‌గా, అంటే ముందే మానేసి మీకు దారి చూపే తోడుగా, ఉండమని ఒకరిని అడగవచ్చు, కుదరకపోతే మార్చుకోవచ్చు. స్పాన్సర్ డాక్టర్ కాదు, మందులు ఆపేయమని ఎవరన్నా అంటే వినకండి.

అన్నిటికన్నా ముఖ్యం, మీటింగ్ విన్న ఊపులో ఉన్నట్టుండి మానేయకండి. రోజూ ఎక్కువ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు లేనివి కనబడటం, మతి తప్పడం మొదలవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ఎలా ఆపాలో మీ డాక్టర్నే అడగండి. ఈలోగా తాగి మీటింగుకి వెళ్లినా గొడవ చేయనంతవరకు ఎవరూ వెళ్లగొట్టరు.

ప్రశ్న: మా వారిని ఎలాగైనా ఒక మీటింగుకి లాక్కెళ్లాలని ఉంది. మారతారా? - ఒక ఇల్లాలు

జవాబు: లాక్కెళ్తే గోడ గడియారం చూస్తూ కూర్చుంటారమ్మా. ఒప్పుకుంటే ఓపెన్ మీటింగుకి తోడు వెళ్లండి, మత్తులో లేనప్పుడు అడగండి. ఒప్పుకోకపోతే మీరే వెళ్లండి, కానీ ఆల్-అనాన్‌కి. బిల్ విల్సన్ భార్య లోయిస్ వాళ్లు 1951లో మొదలుపెట్టారు, తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసమే. ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్లవచ్చు, ఆయన అనుమతి అక్కర్లేదు. టీనేజ్ పిల్లలుంటే వాళ్లకు అలటీన్ ఉంది. ఒకవేళ ఆయన చేయి చేసుకుంటుంటే మాత్రం మీటింగుల మాట తర్వాత, ముందు మీరూ పిల్లలూ భద్రంగా ఉండే చోటు చూసుకోండి.