తుఫాను కథలు పిల్లలకు చదివించండి, తెల్లారగానే ముగిసేవి మాత్రం వద్దు

ఎనిమిదేళ్ల పాపకు తుఫానులో, వరదలో చిక్కుకున్న కుటుంబాల కథలు చదివించవచ్చా, రాత్రి నిద్రలో ఉలిక్కిపడదా అని మీరు అడిగారు. చదివించండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య ఇద్దరు పిల్లలను పెంచిన తల్లిగా చెబుతున్నాను. పిల్లలకు భయం పుస్తకం నుంచి రాదు, ఇంట్లో పెద్దవాళ్ల ముఖాల నుంచి వస్తుంది. నా కోపం ఆ కథల భయం మీద కాదు, అవి ఆగిపోయే చోటు మీద.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస దగ్గర తీరం దాటింది. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు అది. గాలి గంటకు 150 కిలోమీటర్ల దాకా వీచింది. అప్పటికి మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, అమ్మాయికి ఆరు. ఆ రాత్రి గురించి ఎక్కువ చెప్పను. పెంకులు లేచిపోయాయి. తలుపు ఊడకుండా నేను, మా ఆయన దానికి వీపు ఆనించి కూర్చున్నాం. ఏ కథలో చూసినా ఉండేది ఆ రాత్రే.

తెల్లవారి తలుపు తీస్తే, ఆకాశం మబ్బు పట్టి ఉన్నా వాకిలంతా వెలుతురు. ఇంత వెలుతురు ఎక్కడిదో అర్థం కావడానికి కాసేపు పట్టింది. నీడనిచ్చే చెట్లు లేవు. కొబ్బరి చెట్లు ఒకే దిక్కుకు తలలు పెట్టి పడుకున్నాయి. పనస చెట్టు వేళ్లతో సహా పైకి లేచి, ఆ గుంటలో నీళ్లు నిలిచాయి. మా మామగారు గుమ్మం దాకా వచ్చి చూశారు. వెనక్కి వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ తర్వాత అన్నానికి లేచారు తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

పది రోజులు దాటినా మా ఊరికి కరెంటు రాలేదు. బోరు మోటారు ఆడక నీళ్లు లేవు. జనరేటరు అద్దెకు తెచ్చి ఇంటింటికీ వంతులు వేసుకుని బిందెలు నింపుకునేవాళ్లం. సరిగ్గా ఆ రోజుల్లోనే మా చెల్లెలు శ్రీకాకుళం నుంచి బియ్యం, కొవ్వొత్తులతో పాటు పిల్లలకు ఒక కథల పుస్తకం తెచ్చింది. అందులో ఒక వరద కథ ఉంది. ఒక కుర్రవాడు అరటి బోదెలతో తెప్ప కట్టి నానమ్మను, లేగదూడను కాపాడతాడు. తెల్లవారుతుంది, సూర్యుడు వస్తాడు, అందరూ నవ్వుతారు, ఊరివాళ్లు వాడికి దండ వేస్తారు. కొవ్వొత్తి వెలుగులో అది చదివి పుస్తకం మూశాను.

మా అబ్బాయి, "ఇంకా ఉందా అమ్మా?" అని అడిగాడు. అయిపోయిందన్నాను. "మరి వాళ్ల తోట ఏమైంది? మర్నాడు నీళ్లు ఎక్కడ తెచ్చుకున్నారు?" నా దగ్గర జవాబు లేదు. పుస్తకంలోనూ లేదు. వాడు భయపడలేదు, నమ్మలేదు. తను కళ్లారా చూస్తున్న పది రోజులు ఆ కథలో లేకపోతే వాడు ఎలా నమ్ముతాడు?

అప్పుడు మా అత్తగారు, "నోటుపుస్తకం తీసుకురా, నేను చెబుతాను, రాసుకో" అన్నారు. పడిన చెట్లన్నీ ఒక్కొక్కటిగా చెప్పడం మొదలుపెట్టారు. ఏది ఎక్కడ ఉండేది, ఎవరు నాటారు, దేనికి నీళ్లు తీపి, ఏది ఎక్కుతూ దింపు కూలీ ఒకసారి జారిపడ్డాడు, అన్నీ. "ఒకటి. నూతి పక్కది. మీ నాన్న పుట్టిన ఏడాది మేం వేశాం." గోడవైపు తిరిగి ఉన్న మామగారు అటే ఉండి, "అది మనం వేసింది కాదు. మా అమ్మ వేసింది" అన్నారు. పది రోజుల తర్వాత విన్న గొంతు అది. వాడు కొట్టేసి మళ్లీ రాశాడు. ఆ రాత్రి ముప్పై ఎనిమిది చెట్లు రాశారు. మా అమ్మాయి మామ్మ ఒడిలోనే నిద్రపోయింది, ఉలిక్కిపడలేదు.

మర్నాడు మామగారు ఆ నోటుపుస్తకం సరిచూస్తానని మనవణ్ణి తీసుకుని తోటలోకి వెళ్లారు. నిలబడి ఉన్న చెట్లను కూడా చూపించారు. కొబ్బరి చెట్టుకు ఎదిగే చోటు ఒక్కటే, తలలో ఉండే మొవ్వు. గాలి మెలితిప్పి మొవ్వు విరిచేస్తే, మామిడిలా పక్కనుంచి కొమ్మ వేసుకోదు. నెలల తరబడి నిలబడే చనిపోతుంది. గాయపడిన చెట్టును ఎర్రముక్కు పురుగు తొలుస్తుంది. పడిన మానులు తీయకుండా కుళ్లనిస్తే వాటిలో కొమ్ము పురుగు పెరిగి మిగిలిన చెట్ల మీద పడుతుంది. మావాడు ఇంకో పేజీ తిప్పి, 'నిలబడినవి, కానీ పోయినవి' అని శీర్షిక పెట్టి పదకొండు రాశాడు. నష్టం లెక్కకు వచ్చినవారు మొదట నేలమీద ఉన్నవే రాసుకున్నారు. ఆ పేజీ చూపించి మా ఆయన చాలాసేపు వాదించారు. కొన్ని రాసుకున్నారు, కొన్ని వదిలేశారు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ మంటే.

పిల్లల కథలు రాసేవారిని చేతులు జోడించి అడుగుతున్నాను. తొమ్మిదేళ్ల పిల్లవాడి చేత ఊరిని కాపాడించకండి. ఆ వయసు పిల్లలు ఆ రాత్రి అమ్మ చీర పట్టుకుని ఉంటారు, అలా ఉండటం తప్పు కాదు. తాతయ్య ఎందుకు మాట్లాడటం లేదో రాయండి. బిందెల దగ్గర ఇరుగుపొరుగు పోట్లాడుకుని మళ్లీ కలిసి వండుకోవడం రాయండి. అలాగే, కథలో తుఫాను అనగానే ఆషాఢ, శ్రావణాల ముసురు పెట్టేస్తారు. మా తీరానికి పెద్ద గాలివానలు దసరా, దీపావళి రోజుల్లో వస్తాయి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబరు 12నే తీరం దాటాయి. ఇంకొకటి. తుఫాను కన్ను, అంటే దాని నడిమి భాగం, ఊరి మీదుగా వెళితే గాలి ఒక్కసారిగా ఆగుతుంది, తర్వాత ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. అయిపోయిందనుకుని బయటికి వెళ్లినవాళ్లు అప్పుడే చనిపోతారు. మా అత్తగారు ఆ రాత్రి పదేపదే చెప్పింది ఆ ఒక్క మాటే. కథలో ఆ ఘడియ పెట్టండి. ఒక్క కథ వంద హెచ్చరిక కాగితాల పని చేస్తుంది.

మా అమ్మాయి సందేహం మరోలా ఉండేది. తిత్లీ అంటే సీతాకోకచిలుక అని ఎవరో చెప్పారు. సీతాకోకచిలుక చెట్లను ఎందుకు పడగొట్టిందని నెల రోజులు అడిగింది. హిందూ మహాసముద్రం ఉత్తర తీర దేశాలు తుఫానులకు వరుసగా పేర్లు ఇస్తాయని, ఈ పేరు పాకిస్థాన్ ఇచ్చిందని చెప్పినా ఒప్పుకోలేదు. ఆ ప్రశ్న మీదే ఒక మంచి కథ రాయవచ్చు, ఇప్పటికీ ఎవరైనా రాస్తారేమోనని చూస్తున్నాను.

మీ పాపకు చదివే ముందు చివరి రెండు పేజీలు మీరు చూసుకోండి. నవ్వులతో, దండలతో ముగిస్తే చదవండి, కానీ పుస్తకం మూశాక "మర్నాడు ఏం జరిగి ఉంటుంది?" అని పాపనే అడగండి. మా ఇంట్లో ఆ నోటుపుస్తకం ఇంకా ఉంది. 2019లో వేసిన మొక్కల పేజీ కూడా అందులోనే ఉంది, ఏది ఎవరు నాటారో మా అమ్మాయి చేతిరాతలో. నూతి పక్కన నాటింది మామగారు. గత ఏడాది దానికి మొదటి గెల వచ్చింది.