పై పోర్షన్‌కి బయట మెట్లు: లెక్క వాకిటి నేల నుంచి మొదలుపెట్టండి

200 గజాల్లో జీ ప్లస్ వన్ కడుతున్నాం, పైన అద్దెకిస్తాం, మెట్లు బయట పెడితే ఎంత చోటు పోతుంది, ఏం చూసుకోవాలి అని అడిగారు.

బయటే పెట్టండి. అద్దెకున్నవాళ్లు మీ హాల్లోంచి వెళ్లే పని ఉండదు, రేపు పైన ఇంకో అంతస్తు వేసినా మీ గదులు కదలవు. సెట్‌బ్యాక్‌లోకి (ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన చోటు) మాత్రం జరపకండి, ప్లాన్‌లోనే చూపించండి.

తప్పు ఎక్కువగా జరిగేది లెక్క దగ్గరే. మేస్త్రి లోపలి మెట్లకు వేసినట్టే ఫ్లోర్ ఎత్తు 10 అడుగుల 6 అంగుళాలు తీసుకుని భాగిస్తాడు. బయట మెట్లు మొదలయ్యేది వాకిట్లోంచి. బేస్‌మెంట్ (వాకిటి నేల నుంచి ఇంటి లోపలి నేల దాకా ఎత్తు) 2 అడుగులుంటే ఎక్కాల్సింది 12 అడుగుల 6 అంగుళాలు, అంటే 150 అంగుళాలు. 23 మెట్లు చేస్తే ఒక్కోటి ఆరున్నర అంగుళాల ఎత్తు వస్తుంది. పాదం పెట్టే వెడల్పు 11 అంగుళాలు ఇవ్వండి. వాస్తుకి బేసి సంఖ్య కావాలన్నా కుదిరింది. కింద వరసలో 12 (ఆఖరిది ల్యాండింగే), పై వరసలో 11, మధ్యలో వెనక్కి తిరగడానికి 3 అడుగుల 3 అంగుళాల చదునైన ల్యాండింగ్, మెట్టు పొడవూ అంతే. మొత్తానికి 13 అడుగుల 4 అంగుళాల పొడవు, దాదాపు 7 అడుగుల వెడల్పు చోటు పోతుంది. జాతీయ భవన నియమావళి ఇళ్లకు మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు దాటొద్దని, వెడల్పు 25 సెంటీమీటర్లకు తగ్గొద్దని చెబుతుంది. వానకు తడిసే మెట్లకు ఆ హద్దు దాకా పోకండి.

సెంట్రింగ్ కొట్టకముందే పైన, కింద ఫ్లోరింగ్ మందం తేల్చుకోవాలి. పై అంతస్తులో టైల్స్, మాలు కలిపి రెండున్నర అంగుళాలు లేచి, మెట్ల మీద గ్రానైట్‌తో ఒకటిన్నరే లేస్తే ఆఖరి మెట్టు ఏడున్నర అవుతుంది. వాకిట్లో తర్వాత 3 అంగుళాల పార్కింగ్ టైల్స్ పరిస్తే, మెట్టు మీద గ్రానైట్ ఒకటిన్నర కలిపినా మొదటి మెట్టు 5 అంగుళాలకు దిగిపోతుంది. మిగతా మెట్లకు అలవాటుపడిన కాలు అక్కడే తడబడుతుంది, అందులోనూ చీకట్లో దిగేవాళ్లకు.

మొదటి మెట్టును పూడ్చిన మట్టి మీద కూర్చోబెట్టనివ్వకండి. మట్టి కుంగితే మెట్లు గోడ నుంచి విడిపోయి, ఆ సందులోంచి నీళ్లు దిగుతాయి. గట్టి నేల దాకా పునాది తీసి బీమ్ వేయించండి. నల్లరేగడి నేలైతే ఇది మరీ ముఖ్యం.

కాంక్రీటు పోసే రోజు మీరే వంగి చూడాల్సింది ఒకటుంది. కింద వరస ల్యాండింగ్‌లో కలిసేచోట అడుగున ఉన్న కడ్డీని ఆ మూలకు తగ్గట్టు వంచి అడుగునే కొనసాగిస్తారు, అది తప్పు. బరువు పడగానే ఆ కడ్డీ సాగి నిటారు కావాలని చూస్తుంది, మూల దగ్గర కాంక్రీటు పెచ్చులూడుతుంది. ఏటవాలు కడ్డీ తిన్నగా ల్యాండింగ్ పైభాగం దాకా వెళ్లి అక్కడ వంగాలి. ల్యాండింగ్ అడుగు కడ్డీ వేరుగా వచ్చి దాన్ని దాటాలి. మందం, కడ్డీల సైజు ఇంజనీర్ డ్రాయింగ్ ప్రకారమే.

పాలిష్ గ్రానైట్ వద్దు, వానలో జారుతుంది. గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ గానీ ఫ్లేమ్డ్ గానీ తీసుకుని అంచున మూడు గాడులు కొట్టించండి. ప్రతి మెట్టూ ముందుకి కాస్త వాలుగా ఉండాలి. గోడ వైపు 4 అంగుళాల స్కర్టింగ్ (గోడ అడుగున రాతి పట్టీ) వేయకపోతే లోపలి గది గోడ చెమ్మెక్కుతుంది.

రెయిలింగ్ 3 అడుగుల 3 అంగుళాలు, ఊచల మధ్య సందు 4 అంగుళాలు దాటకూడదు, పిల్లల తల దూరుతుంది. రెయిలింగ్ కాళ్లను మెట్టు పైన తొలిచి దింపితే నీళ్లు అక్కడే నిలిచి తుప్పు పడుతుంది. పక్క నుంచి బిగించమనండి. విశాఖలాంటి సముద్రం ఊళ్లలో స్టీలు 316 గ్రేడ్ అడగండి.

ల్యాండింగ్ లైటుకి కిందా పైనా టూ వే స్విచ్ పెట్టించండి. ల్యాండింగ్ కింద 6 అడుగుల ఎత్తే మిగులుతుంది, మోటారుకో బండికో చాలు. బాత్రూమ్ కట్టేద్దామని మేస్త్రి అంటే ఒప్పుకోకండి.