ఈసీజీ నార్మల్‌గానే ఉంది, బీపీ మాత్ర వేసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 44. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, బరువు 96 కిలోలు. నెల రోజులుగా ఎప్పుడు చూపించుకున్నా బీపీ 150/96కి అటూ ఇటూగా ఉంటోంది. తలనొప్పి, కళ్లు తిరగడం వంటివేవీ లేవు. ఈసీజీ నార్మల్. బరువు తగ్గితే బీపీ అదే దిగుతుందని డాక్టర్ రాసిన మాత్ర మొదలుపెట్టలేదు. రాత్రిళ్లు గురక ఎక్కువని ఇంట్లోవాళ్లు అంటారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: బరువు తగ్గితే బీపీ తగ్గుతుందన్నది నిజమే. కిలోకు పై అంకె సుమారు ఒక పాయింటు దిగుతుంది. కానీ పది కిలోలు తగ్గడానికి నెలలు పడుతుంది. అన్నాళ్లూ మీ గుండె ఆ ఒత్తిడి భరిస్తూనే ఉండాలి. నాకు బెంగగా ఉన్నది అక్కడే.

మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క, 34. మనవాళ్లలో 25 దాటితేనే ఊబకాయం అంటాం. ఒళ్లు పెరిగేకొద్దీ గుండె పంపాల్సిన రక్తమూ పెరుగుతుంది. పొట్ట లోపల పేరుకున్న కొవ్వు వల్ల కొన్ని హార్మోన్లు పెరిగి, కిడ్నీలు ఉప్పునీ నీటినీ ఒంట్లోనే పట్టి ఉంచుతాయి, రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఆ ఒత్తిడికి ఎదురు నెట్టీ నెట్టీ గుండె ఎడమ గది గోడ మందమవుతుంది. మందమైన గోడ సరిగా సాగదు, గది నిండదు. మెట్లెక్కితే ఆయాసం అలా మొదలవుతుంది. మరోపక్క రక్తనాళాల లోపలి పొర దెబ్బతిన్న చోట కొలెస్ట్రాల్ చేరి, గుండెపోటుకు దారి తీస్తుంది. ఇదంతా ఏళ్ల తరబడి నొప్పి లేకుండానే జరిగిపోతుంది. గోడ మందాన్ని ఈసీజీ చాలాసార్లు పట్టుకోలేదు, ముఖ్యంగా లావుగా ఉన్నవారిలో. ఒకసారి ఎకో (గుండె స్కానింగ్) చేయించండి.

ఇంకో విషయం. లావు చేతికి మామూలు సైజు పట్టీ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ ఉన్న మిషన్‌తో వారం రోజులు పొద్దునా సాయంత్రం, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక చూసి రాసిపెట్టుకోండి. ఇంట్లోనూ సగటు 135/85 దాటితే మాత్ర మొదలుపెట్టాల్సిందే. దయచేసి ఇక వాయిదా వేయకండి.

గురకను తేలిగ్గా తీసుకోవద్దు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతుంటే రాత్రంతా బీపీ ఎగుస్తూనే ఉంటుంది. నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే స్లీప్ స్టడీ పరీక్ష గురించి మీ డాక్టర్‌ను అడగండి. ఉప్పు రోజంతా కలిపి చిన్న చెంచాడు మించకూడదు. ఆవకాయ, అప్పడాలు, చల్లమిరపకాయల్లోదీ ఆ లెక్కలోకే వస్తుంది. ఒళ్లు నొప్పులకని షాపులో అడిగి కొనుక్కునే నొప్పి మాత్రలు కూడా బీపీని పెంచుతాయి.

బరువు నిజంగా తగ్గాక మోతాదు తగ్గించవచ్చు, కొందరికి మాత్ర ఆపేయనూ వచ్చు. అది మీ రీడింగులు చూసి డాక్టరే చెప్పాలి, మీకు మీరుగా ఆపొద్దు.